సుంకి దాటాక ఆగిన కారు

పోయిన నెల ఒకాయన స్టెప్నీలో గాలి ఎన్నాళ్ళకోసారి చూస్కోవాలని అడిగితే నాలుగు లైన్లు జవాబు రాశా. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందులో ఒక్కటి కూడా గాలి గురించి కాదు! అందరూ దారిలో బండి ఆగిపోయినప్పుడు ఎవరొచ్చారు, ఏం చేశారు, ఎవరు చూసీ చూడనట్టు పోయారు, ఇవే రాశారు. ఎక్కువగా సాలూరు ఘాటు, రాయగడ, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపువి, అంటే మన బోర్డర్ వాళ్ళవే. రాయగడలో 31 ఏళ్ళు స్పేర్ పార్ట్స్ కొట్టు నడిపినోణ్ణి కాబట్టి ఈసారి పేజీ మొత్తం వీటికే ఇచ్చేశా. గ్యాస్ స్టవ్ గురించి అడిగిన ఇద్దరూ వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: నమస్తే అండి. మాది విజయనగరం. డిసెంబర్లో మా చెల్లి గృహప్రవేశానికి సునాబెడ బయల్దేరాం. మావారు, నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. కారు పదకొండేళ్ళ డీజిల్ బండి. సాలూరులో టీ తాగి పి.కోనవలస దాటి ఘాటెక్కేసరికి అయిదున్నర అయింది. సుంకి దాటాక రెండో మూడో మలుపులో ఏదో ఉడికిన వాసనొచ్చింది, మావారు "ముల్లు ఎర్ర గీత దాటేసిందే" అని పక్కకి ఆపేసరికి బానెట్ సందుల్లోంచి పొగ. ఫోన్లో సిగ్నల్ లేదు. చలి. చిన్నోడు ఆకలని ఏడుపు. ఓ పది కార్లు మమ్మల్ని దాటుకుని పోయాయి, లెక్కపెట్టా కాబట్టి చెప్తున్నా. తర్వాత ఒక లారీ ఆగింది. అప్పటికే మావారు చేతికి కర్చీఫ్ చుట్టుకుని రేడియేటర్ మూత తియ్యబోతున్నారు, డ్రైవరు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాడు, "మొహం పోద్ది బాబూ" అని. వాళ్ళ క్లీనరు లైటేసి చూస్తే పైన పైపు చీలింది. ఇంతలో పై ఊరినించి ఒకావిడ నెత్తి మీద కట్టెల మోపుతో దిగుతూ మమ్మల్ని చూసి మోపు అక్కడే దింపేసి వెళ్ళి అల్యూమినియం గిన్నెతో గెడ్డ (వాగు) నీళ్ళు తెచ్చింది, అలా నాలుగు సార్లు. ఆవిడ మాటలు సగం ఒడియా సగం తెలుగు. అయిదోసారి వచ్చినప్పుడు గిన్నెలో నీళ్ళు కాదు, చోడంబలి, మా పిల్లల కోసం. ఇంట్లో రాగిజావ చేసిస్తే మొహం తిప్పుకునే మా చిన్నోడు గిన్నె ఎత్తి తాగేశాడు. క్లీనరు పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసి పైపుకి చుట్టి చుట్టి బిగించాడు, మూత గట్టిగా బిగించొద్దు, సగం దగ్గర ఆపండి అన్నాడు. మొత్తం రెండు గంటలు పట్టింది. సిమిలిగుడ దాకా వాళ్ళ లారీ మా వెనకే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అక్కడ బయల్దేరే ముందు మావారు డ్రైవరుకి 500 ఇవ్వబోయారు. అతని మొహం మారిపోయింది. "ఏటి బాబూ, కూలోడ్ని చేసీసినావు నన్ను" అన్నాడు. ఆవిడ చేతిలో వంద పెడితే ఆ నోటు తీసుకెళ్ళి మా చిన్నోడి జేబులో దోపేసింది. అప్పట్నించీ నాకు అదో రకంగా ఉంది. రాత్రుళ్ళు గుర్తొస్తే నిద్ర పట్టదు. మావారేమో అయిపోయిందానికి ఇంకా ఏంటి అంటారు. డబ్బివ్వడం తప్పా? మరి ఈ రుణం ఎలా తీర్చుకోవాలి? పేరు కూడా అడగలేదండి, అదే నా బాధ.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు బండి సంగతి చెప్పేసి తర్వాత మీ నిద్ర సంగతికొస్తా. ఆ డ్రైవరు చేసిన అసలు సాయం చెయ్యి పట్టుకు లాగడం. మూత బిగించున్నంతసేపు లోపల ప్రెజరుంటుంది, అందుకే నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు, మన కుక్కర్లో ఐనట్టే. వేడి మీద మూత తిప్పారా, ప్రెజర్ పోయి లోపలున్నదంతా ఒక్క దెబ్బకి మరిగి పైకి లేస్తుంది. కర్చీఫ్ ఏం ఆపుతుంది. మా కొట్టుకి అలా చేతులు కాల్చుకుని వచ్చిన వాళ్ళని చూశా, ఒకాయనకి మెడ దాకా బొబ్బలు.

ఇంకోసారి వేడి చూపించే ముల్లు పైకెళ్తుందనిపిస్తే ఎర్ర గీత దాకా ఆగొద్దు, అప్పుడే ఏసీ ఆపేసి హీటర్ ఫుల్‌గా పెట్టండి. లోపల మనం ఉడికిపోతాం కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత అది లాగేస్తుంది, కాస్త వెడల్పున్న చోటు దొరికేదాకా బండి నడుస్తుంది. ఆపాక కనీసం అరగంట దాని జోలికి పోవద్దు. కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు అస్సలు పొయ్యొద్దు, ఇంజన్ హెడ్డు బీటలిస్తే మీ చెల్లి ఇంటికి పెట్టిన ఖర్చంత మీ బండికౌతుంది (సరదాకి అన్నా లెండి, కానీ మరీ సరదా కాదు). గెడ్డ నీళ్ళు ఆ పూటకి సరే. సైకిల్ ట్యూబు కట్టు కూడా ఆ పూటకే. మూత సగం బిగించమన్నది ఎందుకంటే లోపల ప్రెజర్ పెరిగితే ఆ కట్టు ఊడిపోతుంది, ఆ క్లీనరు కుర్రాడు పనోడు! మీరు ఈపాటికి పైపు మార్పించే ఉంటారు, నీళ్ళన్నీ వదిలేసి ఫ్లష్ చేయించి కూలెంట్ పోయించారో లేదో చూస్కోండి. ఉత్త నీళ్ళతో తిప్పితే లోపల తుప్పు పట్టుద్ది.

ఇప్పుడు డబ్బు. తప్పా అంటే తప్పు కాదు, మీవారి మనసులో ఉన్నది మంచే. కానీ ఆ మనిషికి ఆ క్షణంలో ఎలా వినపడిందో చూడండి. రెండు గంటల పాటు అతను మీ అన్నలాగో మరిదిలాగో నిలబడ్డాడు, నోటు బయటికి రాగానే లెక్క తేలిపోయి మీరు మీరే, అతను అతనే ఐపోయారు. అది అతనికి గుచ్చుకుంది. ఇది నాకెలా తెలుసంటే నేనూ అదే పని చేశా కాబట్టి.

1994 అనుకుంటా, గుణుపురంలో బాకీలు వసూలు చేస్కుని పర్లాకిమిడి వెళ్తున్నా, మా మావగారి పాత అంబాసిడర్లో. కాశీనగర్ ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా ఫ్యాన్ బెల్టు తెగింది. నవ్వకండి, స్పేర్ పార్ట్స్ కొట్టోడి బండిలో స్పేర్ బెల్టు లేదు. అప్పుడింకా నౌపడ నించి గుణుపురానికి చిన్న రైలు నడిచేది, ఆ సాయంత్రం బండి కూడా వెళ్ళిపోయింది. వంశధార వైపు పొలాల్లోంచి ఒక ముసలాయన వచ్చాడు, పంచె, భుజమ్మీద తువ్వాలు. బానెట్లోకి తొంగి చూసి ఏం మాట్లాడకుండా భుజమ్మీద తువ్వాలు తీసి నిలువునా చింపి తాడులా పేని నీళ్ళలో ముంచి పుల్లీలకి చుట్టి ముడేశాడు. ఎక్కడ నేర్చుకున్నాడో! మెల్లగా, మధ్య మధ్యలో ఆపుకుంటా కాశీనగర్ చేరాం. ఆయన కూడా ఎక్కి కూచున్నాడు, ముడి ఊడితే మళ్ళీ కట్టాలి కదా అని. దిగాక యాభై రూపాయలు ఇవ్వబోయా. ఆయన నా చేతికేసి చూసి, "నా తువ్వాలు యాభై రూపాయలు చెయ్యదు బాబూ" అని నవ్వి, వచ్చిన దారినే చీకట్లో నడిచి పోయాడు.

నెల తర్వాత మళ్ళీ అటు వెళ్ళినప్పుడు ఒక కొత్త తువ్వాలు కొని పట్టుకెళ్ళా. మంచి నేత తువ్వాలు, ఎర్రంచుది. ఆ తువ్వాలు మాత్రం తీస్కున్నాడు. ఏ మొహమాటం లేకుండా, భుజాన వేసుకుని, అంచు ఓసారి లాగి చూసి. అంతకంటే ముందు ఆయన అడిగిందేంటో తెల్సా? "ఆ రేత్రి పర్లాకిమిడి చేరారా?" నెల రోజులు ఆయనకి ఆ సంగతి తెలీదు. నడిచి ఇంటికెళ్ళి, అన్నం తిని, పడుకునే ముందు, వాడు చేరాడో లేదో ముడి ఊడిందో ఏమో అనుకునే ఉంటాడు. మనం చేరిపోయి మర్చిపోతాం, వాళ్ళకి ఆ కథ అక్కడే సగంలో ఆగిపోతుంది.

అందుకే మీకు చెప్పేది ఒకటే. ఈసారి సునాబెడ వెళ్ళేటప్పుడు పగలు బయల్దేరండి, ఆ మలుపు దగ్గర ఆపండి. ఊరు పైనే అన్నారు కదా, పిల్లల్ని తీస్కుని ఎక్కండి, కట్టెల మోపు దింపి గెడ్డ నీళ్ళు తెచ్చిందెవరని అడిగితే ఆ ఊళ్ళో చెప్పలేని వాళ్ళుండరు, ఈపాటికి మీ కథ ఊరంతా పాకేసుంటుంది. డబ్బులివ్వకండి. చీరలూ అవీ కూడా వద్దు, అది మళ్ళీ వేరేగా ఉంటుంది, పెద్దింటి వాళ్ళు పంచిపెట్టినట్టు. గృహప్రవేశం మిఠాయి పట్టుకెళ్ళండి, చుట్టాలింటికి పట్టుకెళ్తాం చూడండి అలా. చేరామని చెప్పండి. ఆవిడ ఏదన్నా పెడితే కూచుని తినండి, టైం లేదనకుండా. డ్రైవరు విషయం కొంచెం కష్టం, కానీ సాలూరు అంటేనే లారీల ఊరు, రాయపూర్ దారిలో తిరిగే వాళ్ళు ఘాటు కింద టీ కొట్ల దగ్గర ఆగుతారు, ఫలానా రోజు ఫలానా చోట కారుకి ట్యూబు కట్టిన వాళ్ళెవరని ఒక మాట వేసి చూడండి. లారీ వెనక ఏం రాసుందో మీ పిల్లల్ని అడగండి, పెద్దోళ్ళకి నంబర్లు గుర్తుండవు, పిల్లలకి బొమ్మలు గుర్తుంటాయి. క్లీనరు కుర్రాడికి ఒక కొత్త సైకిల్ ట్యూబు! అది తీస్కుంటాడు, రాసిస్తా.

ఆ పది కార్ల సంగతి మాత్రం వదిలెయ్యండి. నేనూ చాలా సార్లు ఆ పదకొండో కారునే.

ప్రశ్న: సార్, మాది రాయగడ పక్కన. నాకు 24. నెల క్రితం రాత్రి మజ్జిగౌరమ్మ గుడి నించి వస్తుంటే బైక్ పడిపోయి ఒకతను రోడ్డు పక్కన ఉన్నాడు. ఆపుదామనుకున్నా, వెనక మా ఫ్రెండ్ వద్దురా పోలీసులు మనమే గుద్దామంటారు, కోర్టుల చుట్టూ తిరగాలి అన్నాడు. ఫోన్ చేసి వచ్చేశాం. అతను బతికాడని తర్వాత తెల్సింది, కానీ నాకు సిగ్గుగా ఉంది. నిజంగా ఆపితే ఏమౌతుంది?
— రాయగడ

జవాబు: బాబూ, ఫోన్ చేశావు, అది చిన్న పనేం కాదు, 108కి కాల్ వెళ్ళడం ఐదు నిమిషాలు ముందైనా ఒక ప్రాణం. సిగ్గు సగం తీసెయ్.

మీ ఫ్రెండ్ చెప్పింది ఒకప్పుడు నిజమే. మా కాలంలో తీస్కెళ్ళి ఆస్పత్రిలో చేర్చినోణ్ణే కూచోబెట్టి పేరేంటి ఊరేంటి, డబ్బు కట్టు అనేవారు. ఇప్పుడు అలా కుదరదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు దీని మీద గైడ్‌లైన్స్‌కి చట్టం బలం ఇచ్చింది, తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 134ఎ అని ఒక సెక్షనే పెట్టారు. మంచి మనసుతో సాయం చేసినోడి మీద, ఆ సాయంలో ఏదన్నా పొరపాటు జరిగినా, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. 2020లో రూల్స్ వచ్చాయి. పేరు, అడ్రసు చెప్పమని ఎవరూ బలవంతం చెయ్యకూడదు, సాక్షిగా ఉంటావా లేదా నీ ఇష్టం, ఉంటానంటే నీకు వీలైన చోటే అడగాలి. ఆస్పత్రి గుమ్మంలో ఈ హక్కులన్నీ స్థానిక భాషలో కూడా బోర్డు పెట్టాలి, ఎక్కడన్నా చూశావా? నేను వెళ్ళినప్పుడల్లా వెతుకుతుంటా.

ఇంకోటి, గోల్డెన్ అవర్ అంటారు, దెబ్బ తగిలాక మొదటి గంట. ఆ గంటలో పెద్ద ఆస్పత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టినోళ్ళకి కేంద్రం బహుమతి ఇస్తుంది, 2021లో 5,000తో మొదలెట్టి 2025లో 25,000 చేశారు. అలాగే దెబ్బతిన్నోళ్ళకి 7 రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్ ట్రీట్మెంట్ స్కీము కూడా 2025లోనే వచ్చింది. కాబట్టి "డబ్బు కట్టమంటారేమో" అనే భయం కూడా అక్కర్లేదు, కట్టమంటే గట్టిగా అడుగు.

ఒక్క జాగ్రత్త. మెడ, నడుము కదిలించి అడ్డదిడ్డంగా ఎత్తకండి, బైక్ మీద ఇద్దరి మధ్యన కూచోబెట్టి తీస్కుపోవడం చూస్తుంటా, అది సాయం కాదు. హెల్మెట్ ఊపిరి ఆడుతుంటే తియ్యొద్దు. ముందు మీ బండి లైట్లు వేసి వెనకొచ్చే వాళ్ళకి కనపడేలా పెట్టండి. దెబ్బ తగిలిన చోట రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవడం, మాట్లాడిస్తూ ఉండడం, ఈ రెండు ఎవరైనా చెయ్యొచ్చు.

ప్రశ్న: మీరు అందరూ మంచోళ్ళే అన్నట్టు రాస్తారు. బరంపురం నించి వస్తుంటే హైవే మీద రాత్రి తొమ్మిదింటికి నా కారు స్టార్ట్ అవలేదు. ఒకతను బైక్ మీద వచ్చి "అన్నా టెన్షన్ పడకు, నాకు తెల్సిన షెడ్ ఉంది" అని ఎంతో ప్రేమగా మాట్లాడి తోయించాడు. షెడ్డులో బ్యాటరీ పోయింది, ఇంకేదో పోయిందని 7,000 తీస్కున్నారు. మర్నాడు మా మెకానిక్ చూసి బ్యాటరీ టెర్మినల్ లూజు, అంతే, పాత బ్యాటరీ బానే ఉండుంటుంది అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఏ మొహం పెట్టుకుని నమ్మాలి?
— ఇచ్ఛాపురం

జవాబు: నమ్మొద్దు. నేను అందరూ మంచోళ్ళని ఎప్పుడూ రాయలేదు, 31 ఏళ్ళు కొట్లో కూచున్నా, కమిషన్ మీద బళ్ళు తోలుకొచ్చే వాళ్ళని నాకు తెలీదా. ఇలాంటి వాళ్ళు రెండు రకాలుగా దొరికిపోతారు. ఒకటి, బానెట్ ఎత్తకుండానే షెడ్డు పేరు చెప్తారు. రెండు, మీరు వేరే ఎవరికన్నా ఫోన్ చేస్తానంటే తొందర పెట్టేస్తారు. సాయానికొచ్చినోడు మీరు ఇంకొకరికి ఫోన్ చేస్తే "హమ్మయ్య" అనుకుంటాడు, వాడికీ ఇంటికి పోవాలని ఉంటుంది కదా.

షెడ్డులో కాలు పెట్టాక అది వ్యాపారం, మొహమాటం గేటు బయట వదిలెయ్యాలి. రేటు ముందు, పానా తర్వాత. తీసిన పాత సామాను నా డిక్కీలో పడెయ్యమని అడగండి, మీ బ్యాటరీ మీ దగ్గరుంటే ఈపాటికి టెస్ట్ చేయించుకునేవారు. బండి స్టార్టవ్వక టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే ముందు టెర్మినళ్ళు చేత్తో తిప్పి చూడండి, కదిలితే బిగించండి, తెల్లగా పచ్చగా బూజులా పట్టుంటే గీకండి, సగం బళ్ళు అక్కడే లేస్తాయి. జంపర్ కేబుళ్ళుంటే ప్లస్‌కి ప్లస్ ముందు, ఆఖరి నల్ల క్లిప్పు మాత్రం మీ బ్యాటరీకి కాకుండా ఇంజన్‌కున్న రంగు లేని ఇనప ముక్కకి పెట్టండి, నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా ఉంటుంది.

హైవే మీదున్నారు కాబట్టి 1033 కొట్టి ఉండాల్సింది, జాతీయ రహదారుల వాళ్ళ నంబరు అది, రాత్రీ పగలూ పన్జేస్తుంది. ఆడవాళ్ళు ఒక్కళ్ళే ఉంటే 112 కూడా. లొకేషన్ ఇంటికి పంపించి, తలుపులు లాక్ చేసి, అద్దం రెండు వేళ్ళంత దించి మాట్లాడితే చాలు. ఎవరూ ఏమనుకోరు. అనుకుంటే అనుకోనీండి.

7,000 పోయాయి, మీ కోపం న్యాయమే. కానీ ఆ బైక్ అతను వాడింది ఏ గొంతు? మంచోళ్ళు మాట్లాడే గొంతే. ఆ గొంతుకి ఇంకా విలువుంది కాబట్టే దొంగిలించాడు.

ప్రశ్న: మేం హైదరాబాద్ నించి నలుగురం దేవమాలి కొండకి కార్లో వెళ్దామనుకుంటున్నాం. ఒడియా ఒక్క ముక్క రాదు. మధ్యలో బండి ఆగితే ఎలా?
— హైదరాబాద్

జవాబు: ఏం ఫరవాలేదు, పొట్టంగి దాకా తెలుగు మీకంటే ముందే ఎక్కేసింది. సంతల్లో తెలుగు, లారీల్లో తెలుగు, కొటియా వైపైతే కొన్ని ఊళ్ళు ఏ రాష్ట్రానివో రెండు ప్రభుత్వాలూ ఇంకా తేల్చుకోలేదు, అక్కడ మనుషులకి రెండు భాషలూ వచ్చు. ఐనా నాలుగు ముక్కలు నేర్చుకెళ్ళండి. "గాడి ఖరాప్ హోయిగలా", బండి పాడైంది. "టికే పాణి దిఅంతు", కొంచెం నీళ్ళివ్వండి. "పాఖొరె మెకానిక్ అఛంతి కి?", దగ్గర్లో మెకానిక్ ఉన్నాడా. మగవాళ్ళని భాయి అనండి, పెద్దావిణ్ణి మావుసి అనండి. తప్పు పలికితే నవ్వుతారు, నవ్వాక పని ఇంకా తొందరగా ఔతుంది.

పర్లాకిమిడిలో మాస్టారుగా చేసిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం అచ్చేయించారు, తర్వాత నిఘంటువులు కూడా. మిమ్మల్ని అంత చెయ్యమనట్లేదు, మూడు వాక్యాలు.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో దానికంటే ఎత్తైంది లేదు, కాబట్టి ఎక్కేది ఎక్కేదే. ఎక్కేటప్పుడు గేరు బలవంతం చెయ్యొద్దు, ఇంజన్ గురక పెడితే కింది గేరు వెయ్యండి. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కారో ఇంచుమించు అదే గేర్లో దిగండి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపుతారు కొందరు, అది ఉత్త భ్రమ, ఇప్పటి బళ్ళలో గేర్లో ఉండి కాలు తీసేస్తేనే ఇంజన్‌కి నూనె ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఐతే తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి కాలిన వాసనొచ్చాక తొక్కినా పట్టవు. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది మర్యాదే కాదు, రూలు కూడా.

ప్రశ్న: డిక్కీలో ఏముంచుకోవాలి? చిన్నగా చెప్పండి.
— పార్వతీపురం

జవాబు: అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా, గాలున్న స్టెప్నీ, జాకీ, వీల్ పానా, టార్చి, ఆ ఎర్ర ముక్కోణం (బండికి యాభై మీటర్లు వెనక పెట్టాలి, మలుపైతే మలుపుకి అవతల, బండికి ఆనించి పెట్టే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది), జంపర్ కేబుళ్ళు, ఒక పాత సైకిల్ ట్యూబు, ఒక తువ్వాలు. నట్లు జాకీ ఎత్తక ముందే కొంచెం వదులు చేస్కోండి, ఎత్తాక చక్రం తిరిగిపోయి రావు. మీ స్టెప్నీ సన్నగా ఉండే రకమైతే 80 దాటొద్దు. ఆ పేరు ఎలా వచ్చిందో తెల్సా, వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో 1904లో స్పేర్ చక్రాలు తయారు చేశారు, ఆ వీధి పేరు మన సాలూరు దాకా వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

ప్రశ్న: సార్ మాది సాలూరే. పద్దెనిమిదేళ్ళయింది లారీ తోల్తన్నాను. మీరు రాసింది మా ఓనరు గారబ్బాయి చదివి చెప్పినాడు. రేత్రి పూట ఎవరిదైనా కారు ఆగిపోతే మేం ఆపుతాం సార్, ఘాట్లో అందరం అందరికీ ఆపుతాం. కానీ దిగి దగ్గరికెల్తే అద్దాలెక్కించేస్తారు. నీల్లు కావాలా అమ్మా అంటే లోపల్నించి చెయ్యూపి పొమ్మంటారు. లుంగీ కట్టుకున్న ఇద్దరు మొగోల్లు చీకట్లో వొస్తే ఎవరికైనా బయమే, అది మాకూ తెలుసు. మరి మేమేటి సెయ్యాల? ఆపడం మానీమంటారా?
— సాలూరు

జవాబు: మానొద్దు తమ్ముడూ. కొంచెం పద్ధతి మార్చు. లారీని వాళ్ళ కారు వెనక కాకుండా కాస్త ముందుకి తీస్కెళ్ళి ఆపు, వెనక ఆపితే దారి మూసేసినట్టుంటుంది వాళ్ళకి, ముందు ఆపితే నీ నంబర్ ప్లేటు వాళ్ళ లైట్ల వెలుగులో కనపడుతుంది, ఆ నంబరు ఇంటికి పంపుకుంటారు, పంపుకోనీ. ఇద్దరూ దిగొద్దు, ఒక్కళ్ళే దిగండి. టార్చి వాళ్ళ మొహం మీద వెయ్యకుండా నీ మొహం మీద నువ్వే వేసుకో. తలుపు దగ్గరికి పోకుండా బానెట్ ముందు నిలబడి మాట్లాడు. అన్నిటికంటే ముఖ్యం, ఉత్త చేతుల్తో వెళ్ళకు, నీళ్ళ డబ్బా పట్టుకెళ్ళు, చేతిలో డబ్బా ఉన్నోడు ఎందుకొచ్చాడో అడగక్కర్లేదు. ఐనా అద్దం దించకపోతే డబ్బా రోడ్డు మీద పెట్టేసి వచ్చెయ్, తర్వాత తీస్కుంటారు.

అన్నట్టు డిసెంబర్లో సుంకి పైన మలుపులో ఒక కారు పైపుకి సైకిల్ ట్యూబు చుట్టింది మీ వాళ్ళెవరన్నా ఐతే చెప్పు. వాళ్ళు ఆ రాత్రి సునాబెడ చేరారు.